రక్తంలో చెరువు పేరు

యంత్రం పొరపాటు పడిందేమోనని డాక్టరు కాత్యాయని రెండో చుక్క కూడా వేసి చూసింది. రెండోసారీ అదే మాట చెప్పింది. గంగరాజు రక్తం పోట్లాడుతున్నది జగపతి చెరువు బాక్టీరియాతో.

గంగరాజు ఆమెకు పరాయివాడు కాదు, ఆడపడుచు రత్నం మొగుడు. జగపతి సాక్షాత్తూ ఆమె మొగుడు. ఇద్దరి రొయ్యల చెరువులకూ మధ్య ఉన్నది ఒకే ఒక్క గట్టు. ఆ గట్టు పక్కన పారే కాలువ నీళ్ల దగ్గర మాటామాటా పెరిగి, బావా బావమరుదులిద్దరూ ఏడాదిగా ఎడమొహం పెడమొహంగా ఉన్నారు. ఒకరి గట్టు ఒకరు తొక్కరు. మరి ఈయన ఒంట్లోకి ఆయన చెరువు ఎలా చేరింది?

ముందు మనిషిని బతికించాలి గనక ఆ ప్రశ్నను పక్కన పెట్టింది. రొయ్య ముల్లు గుచ్చుకున్న చెయ్యి మోచేతి దాకా ఉబ్బిపోయి, ఒళ్లు కాలిపోతూ, బీపీ అందకుండా పడిపోయి గంగరాజు ఐసీయూలో ఉన్నాడు. సెప్సిస్. లోపలికి జొరబడ్డ సూక్ష్మజీవిని తరిమికొట్టే కంగారులో ఒళ్లు తన కొంపకు తనే నిప్పు పెట్టుకునే జబ్బు. ఏ సూక్ష్మజీవో తేల్చడానికి రక్తాన్ని కల్చరుకు పెట్టి రోజుల తరబడి కూర్చోవాలి. అంతసేపు రోగి ఆగడు. ఉప్పుటేరు పక్కన ఈ లంకలపాలెం చుట్టుపట్ల సంగతి మరీ ఘోరం. ఎవరికి తోచిన మందు వాళ్లు చెరువుల్లో గుమ్మరించి గుమ్మరించి, ఒక్కో చెరువులో బాక్టీరియా ఒక్కో మందుకు మొండికేసింది. ఒక చెరువు కూలీని బతికించిన మందు పక్క చెరువు కూలీకి మంచినీళ్లతో సమానం.

అందుకే కాత్యాయని ఆ యంత్రాన్ని తయారుచేసింది. పేరు ఆనవాలు. బాక్టీరియా కంటికి దొరక్కపోయినా, దాన్ని ఎదిరించడానికి ఒళ్లు పుట్టించుకున్న యాంటీబాడీలు రక్తంలో ఉంటాయి గదా, వాటిని అడుగుతుంది. ఏళ్లపాటు ఊరూరా తిరిగి ప్రతి చెరువు నీళ్లూ సీసాల్లో పట్టి, ఏ చెరువులో ఏ రకం ఉందో దానికి నేర్పింది. రైతులే పిలిచి మరీ సీసాలు నింపి ఇచ్చారు. ఇప్పుడు వేలి మీద ఒక్క చుక్క చాలు. ఏ బాక్టీరియా, ఏ చెరువుది, ఒళ్లు దాన్ని ఎంత గట్టిగా ఎదిరిస్తోంది, అన్నీ తెర మీదికి వస్తాయి. చెరువు తెలిస్తే పనిచేసే మందు తెలిసినట్టే.

జగపతి చెరువుకు పనిచేసే మందే గంగరాజుకు ఎక్కించారు. వారం తిరక్కుండా లేచి కూర్చుని పెరుగన్నం అడిగాడు. ఐసీయూ డాక్టరు ఫిరోజ్ ఆనందం పట్టలేక యంత్రానికి నమస్కారం పెట్టాడు.

కాత్యాయనికి మాత్రం ఆనందం సగమే మిగిలింది. గంగరాజు జబ్బుకు కొన్నాళ్ల ముందే జగపతి పెద్ద చెరువు చచ్చిపోయింది. పట్టుబడికి సిద్ధంగా ఉన్న రొయ్య మొత్తం తెల్లారేసరికి అడుగున పడి ఉంది. ఎవరో ఏదో కలిపారని జగపతి ఆనాటి నుంచీ పళ్లు నూరుతున్నాడు. ఎవరో తెలీక ప్రతివాణ్ణీ అనుమానంగా చూస్తున్నాడు.

రోగి రక్తంలో ఏముందో డాక్టరు నోట బయటికి రాకూడదు. ఆ సంగతి కాత్యాయనికి తెలీక కాదు. కానీ కడుపులో పెట్టుకున్న అనుమానం ఊరికే ఉండనిస్తుందా? మధ్యాహ్నం భోజనాల దగ్గర ఉండబట్టలేక అడిగేసింది.

"ఏవండీ, గంగరాజు అన్నయ్యగారు ఈమధ్య మన చెరువులోకి గానీ దిగారా?"

జగపతి ముద్ద నోటి దాకా తెచ్చి ఆగిపోయాడు. "దిగడానికి ఆడికీ మనకీ మాటల్లేవు గదా. ఎందుకడుగుతున్నావ్?"

"ఏం లేదులెండి."

"ఏం లేకుండా నువ్వడగవు. ఆడి రక్తంలో ఏం కనపడింది?"

ఆ తర్వాత ఆమె చెప్పలేదు, ఆయనే లాగాడు అని తనకు తాను సర్దిచెప్పుకుంది గానీ, చెప్పింది ఆమే. పులుసు వడ్డిస్తున్న అత్తగారు మంగాయమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆమె మొహంలో రక్తం చుక్క లేదు. అల్లుడి మీద జాలి గాబోలు అనుకుంది కాత్యాయని. ఆ జాలి కూడా ఆమెకు ఎందుకో నచ్చలేదు.

మర్నాడే రొయ్యల రైతుల సంఘం ఆఫీసు ముందు జగపతి పదిమందిలో గంగరాజును నిలదీశాడు.

"నా చెరువు చంపింది నువ్వేరా! నీ రక్తవే చెప్పింది!"

ఇంకా చేతికి కట్టుతో ఉన్న గంగరాజు తెల్లబోయాడు. "నీ గట్టు కూడా తొక్కలేదు బావా. నా పిల్లల మీద ఒట్టు."

మనిషి అబద్ధం ఆడతాడు, యంత్రానికి ఏం అవసరం? అక్కడున్నవాళ్లంతా అలాగే అనుకున్నారు. ఆ రోజు నుంచి గంగరాజుతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. మేత దించడానికి కూలీలు రామన్నారు. సంతలో నిలబడితే పక్కవాళ్లు జరిగిపోయారు. మనిషి చెరువు మొహం చూడ్డం మానేసి, ఇంట్లో మంచం మీద గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు. చెరువు పని మొత్తం రత్నం నెత్తిన పడింది.

కబురు అక్కడితో ఆగలేదు. డాక్టరమ్మ మిషను చుక్క రక్తంతో ఎవడు ఎవడి చెరువులో దిగాడో చెప్పేస్తోందట అని ఊళ్లన్నీ పాకిపోయింది. ఆ ప్రాంతంలో జన్మలో ఒక్కసారైనా పరాయి చెరువులో కాలు పెట్టనివాడు ఎవడున్నాడు? కూరకని గుప్పెడు రొయ్య పట్టుకున్నవాళ్లున్నారు. గుప్పెడుతో ఆగనివాళ్లూ ఉన్నారు. అసలు రొయ్యల కోసమే వెళ్లక, గట్టు మీది పాకలో ఎవరినో కలవడానికి వెళ్లి బురదలో దిగినవాళ్లూ ఉన్నారు. వాళ్లందరికీ ఉన్నట్టుండి సూదంటే భయం పుట్టుకొచ్చింది.

ఇంకోవైపు చెరువుల ఆసాములు కార్లు వేసుకుని కాత్యాయని దగ్గరికి వచ్చారు. "మా కాపలావాడి రక్తం కాస్త చూసిపెట్టండమ్మా, అనుమానంగా ఉంది" అని. ఆమె కసురుకుని పంపేసింది. కసిరినా లాభం లేకపోయింది. ఒక ట్రాక్టరు డ్రైవరు ఒళ్లు పెనంలా కాలిపోతుంటే పెళ్లాం ఆసుపత్రికి లాక్కొచ్చింది. వేలు ఇవ్వమంటే పిడికిలి బిగించేశాడు.

"వద్దండి. నాకేం తెలీకుండా రాసేసుకుంటారు మీరు."

"నీ చెరువు సంగతి నాకక్కర్లేదయ్యా, ప్రాణం పోతుంది" అంది కాత్యాయని.

"గంగరాజుగారికీ ఇలాగే చెప్పుంటారండి" అన్నాడతను.

చివరిదాకా పిడికిలి విప్పలేదు. గుడ్డిగా మందులు ఎక్కించారు. అవి ఆ చెరువు బాక్టీరియాకు పనిచేసేవి కావు. డ్రైవరు దక్కలేదు. ఫిరోజ్ ఆ సాయంత్రం ఆమె బల్ల ముందుకొచ్చి కూర్చున్నాడు. "మన దగ్గర మందు ఉండి కూడా పోగొట్టుకున్నాం మేడమ్" అని లేచిపోయాడు. కాత్యాయనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

అలాంటి రోజుల్లోనే ఒక ఉదయం రత్నాన్ని ఆటోలో వేసుకుని తీసుకొచ్చారు.

కుడి అరచేతిలో కత్తిపీట గాటు. దాని చుట్టూ నల్లటి పొక్కులు. పెదాలు నీలం తిరిగి, ఊపిరి ఎగబోస్తోంది. గంగరాజు గడ్డం మాసిపోయి తలుపు దగ్గరే నిలబడ్డాడు, లోపలికి రాలేదు. కాత్యాయని సూది తీసుకుని ఆడపడుచు వేలు పట్టుకోబోయింది. అంత నీరసంలోనూ రత్నం చెయ్యి వెనక్కి లాక్కుంది.

"వద్దొదినా."

"రత్నం, నేనే. భయం దేనికి?"

"ఆ మిషనుకి మాత్రం వద్దు. నా రక్తం దాంట్లో వేస్తే నా శవాన్ని చూసినట్టే."

కాత్యాయని ఆమె కళ్లలోకి చూసింది. రత్నం చూపు తిప్పుకుంది. అంతే, లోపల చల్లారిందనుకున్న అనుమానం మళ్లీ రాజుకుంది. అయితే మొగుడొక్కడే కాదన్నమాట, పెళ్లాం కూడా ఉంది ఇందులో. ఇద్దరూ కలిసే చేశారు. ఆ ఆలోచన వచ్చిన క్షణంలో, తన మాట నిజమైందన్న తృప్తి లాంటిది ఒకటి ఆమెకు కలిగింది. చావుబతుకుల్లో ఉన్న పిల్ల మంచం పక్కన నిలబడి తాను సంతోషిస్తున్నానని తెలిసి సిగ్గుతో చచ్చిపోయింది.

తోచిన మందులు ఎక్కించారు. ఏదీ పట్టలేదు. మధ్యాహ్నానికి రత్నానికి స్పృహ తప్పింది. ఇక ఒప్పుకోవాల్సింది గంగరాజే.

"కుదరదు చెల్లెమ్మా" అన్నాడు. గొంతు పెద్దది చెయ్యలేదు. "నా రక్తం చూసి నన్ను దొంగని చేశారు. ఇప్పుడు దాని రక్తం చూసి దాన్ని దొంగని చేస్తారు. నా పెళ్లాం చచ్చినా మర్యాదగా చస్తుంది."

అప్పుడు బెంచీ మీద మూటలా ముడుచుకు కూర్చున్న మంగాయమ్మ లేచింది. కొడుకు జగపతి అప్పుడే మెట్లెక్కి వస్తున్నాడు. అతన్ని చూసి కూడా ఆగలేదు. ఆగితే ఇక చెప్పలేదని ఆమెకు తెలుసు.

"దాని ఒంట్లో ఉంది నా డ్రమ్ములోదేనమ్మా. అల్లుడి ఒంట్లో ఉందీ అదే."

"ఏ డ్రమ్ము అత్తయ్యా?" అంది కాత్యాయని.

"పెరట్లో డ్రమ్మే. బెల్లం మందు."

చెరువులో మంచి బాక్టీరియా పెరగాలని కంపెనీ పొడిని బెల్లం, తవుడు కలిపిన నీళ్లలో పులియబెట్టి చెరువులో పోస్తారు. మంగాయమ్మ పొద్దున్నే చీరకుచ్చిళ్లు దోపి, మోచేతి దాకా చెయ్యి ముంచి ఆ డ్రమ్ము కలపడం ఆమె పెళ్లయిన నాటి నుంచీ చూస్తూనే ఉంది. చూసి ముక్కు మూసుకుని లోపలికి వెళ్లిపోయేది.

"కంపెనీ పాకెట్టు మాటిమాటికీ ఎవరు కొంటారమ్మా? పెరుగుకి తోడు ఇచ్చినట్టే ఒకళ్ల డ్రమ్ములోంచి ఇంకొకళ్లం చెంబుడు పట్టుకెళ్తాం. ఇక్కడ అన్ని కొంపల్లోనూ అంతే. వేసవిలో ఎండకి పాడవకుండా మన చెరువు నీళ్లు కూడా కాసిని కలుపుతాను. గట్టవతలికి మాత్రం చుక్క ఇస్తే ఊరుకోనని వీడు నా చేత ఒట్టేయించుకున్నాడు." కొడుకు వైపు చూడకుండానే వేలు చూపించింది. "కూతురు అడిగింది. నా కూతురికి నేను లేదంటానా? మజ్జిగని చెప్పి కేనులో పంపించేను. అది మొగుడికి కొన్నానని చెప్పింది. పాపం ఆయన, పాకెట్టు మందే అనుకుని చేతుల్తో కలిపి పోసుకున్నాడు."

గంగరాజు గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు. "నన్ను ఊరంతా ఉమ్మేస్తుంటే మీరు చూస్తా ఊరుకున్నారా అత్తా? రత్నం కూడా ఊరుకుందా?"

"ఊరుకున్నాం నాయనా. వీడంటే నాకు భయం. నా మాట పోతుందని దానికి భయం. ఇయ్యాల దాని ప్రాణం పోతావుంటే గానీ నాకు నోరు పెగల్లేదు." ముసలావిడ అల్లుడి కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చింది.

కాత్యాయనికి అంతా అర్థమైంది. చెరువు చెరువుకూ తిరిగి నీళ్లు పట్టింది గానీ, పెరట్లోని డ్రమ్ములోకి ఒక్కనాడూ తొంగిచూడలేదు. చెరువు నీళ్లతో పాటు డ్రమ్ములో చేరిన చెడు బాక్టీరియా బెల్లం తిని బలిసింది. జగపతి చెరువును చంపింది ఎవరూ కాదు, ఇంటి డ్రమ్మే. కేన్లలో, చెంబుల్లో గట్లు దాటి ఎన్ని కొంపలకు వెళ్లిందో లెక్కలేదు. మనిషి దిగకపోయినా చెరువు పేరు రక్తంలోకి ఎక్కుతుంది. యంత్రం నిజమే చెప్పింది. దాన్ని పట్టుకుని ఆమె అబద్ధం అల్లింది.

"చెయ్యి చెల్లెమ్మా" అన్నాడు గంగరాజు కళ్లు తుడుచుకుంటూ. "ఏం చెయ్యాలో చెయ్యి."

రత్నం రక్తం చుక్క యంత్రంలో పడింది. బాక్టీరియా తెలిసింది, మందు మార్చారు. కానీ ఆమె ఒళ్లు ఎదిరిస్తున్నట్టు చూపే గీత మాత్రం దాదాపు నేలబారుగా ఉంది. డ్రమ్ములో చెయ్యి పెట్టడం మొదలుపెట్టి ఎంతో కాలం కాలేదు. శత్రువు ఎవరో ఒంటికి ఇంకా సరిగ్గా తెలీదు.

"మందు ఒక్కటీ చాలదు" అన్నాడు ఫిరోజ్. "యాంటీబాడీలు తయారుగా ఉన్న ప్లాస్మా ఎక్కించాలి. గంగరాజుగారి గ్రూపు కలవదు. ఇంకెవరున్నారు?"

మంగాయమ్మ చెయ్యి చాచింది. ఏళ్ల తరబడి డ్రమ్ములో నానిన ఆ చేతి రక్తానికి గీత తెర పైఅంచు దాటిపోయింది. గ్రూపూ కలిసింది. కానీ బక్కప్రాణం, ఆవిడ దగ్గర తీయగలిగింది కొంచెమే. అది ఎక్కించాక రత్నం బీపీ కాస్త నిలబడింది గానీ ఇంకా కావాలన్నాడు ఫిరోజ్.

"చెరువు పెట్టిన కొత్తలో వీడూ కలిపేవాడు. వీడిదీ నా గ్రూపే" అంది మంగాయమ్మ.

అందరూ జగపతి వైపు తిరిగారు. అతను రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో పెట్టుకున్నాడు.

"నాకు సూదంటే పడదు. కళ్లు తిరుగుతాయి."

"చెల్లెలి ప్రాణంరా!" అంది తల్లి.

"యంత్రం లేకుండా తీసుకోండి రక్తం. ఎవరొద్దన్నారు?"

"మీ యాంటీబాడీలు ఎంత ఉన్నాయో చూడకుండా ఎక్కిస్తే ఉపయోగం లేదండీ" అంది కాత్యాయని. "ఒక్క చుక్క."

జగపతి నేలచూపులు చూశాడు. గంగరాజు మాత్రం అతని జేబుల వైపే చూస్తున్నాడు. కిందటేడు గంగరాజు చెరువు పట్టుబడికి వల వేస్తే సగం రొయ్య కూడా రాలేదు. రాత్రిపూట ఎవరు దిగి పట్టుకుపోయారో నేటికీ తేలలేదు. ఆ నష్టం మీదే మొదట కాలువ దగ్గర గొడవ మొదలైంది. కాత్యాయనికి అది గుర్తొచ్చింది.

ఆమె మొగుణ్ణి చెయ్యి పట్టుకుని ల్యాబు లోపలికి తీసుకెళ్లి తలుపు వేసింది.

"బాక్టీరియా మీద బలం ఎంతో అదొక్కటే చూస్తాను. చెరువుల పేర్ల జోలికి పోను. నా మాట నమ్మండి."

"చూడవని నేనెలా నమ్మేది?" అన్నాడు జగపతి. కోపంగా కాదు. ఆ ట్రాక్టరు డ్రైవరు మొహంలో ఉన్న భయమే ఇతని మొహంలోనూ ఉంది. "గంగరాజుది కూడా చూడాలని చూడలేదు గదా నువ్వు."

పన్నెండేళ్లు కాపురం చేసిన మనిషి. ఆమె యంత్రం ముందు కూర్చుంది. చెరువుల ఆనవాళ్లన్నీ ఒకచోట ఉన్నాయి. ఎండల్లో, బురదలో తిరిగి సీసా సీసాగా పోగేసింది. అవి పోతే రేపటి నుంచి వచ్చే రోగులకు ఏ మందో చెప్పడం కుదరదు. మళ్లీ సీసా పట్టుకుని వెళితే నీళ్లు ఇచ్చేవాడు కూడా ఉండడు. గోడ అవతల రత్నం గుండె కొలిచే యంత్రం కూస్తోంది.

"చూడండి" అని తెర అతని వైపు తిప్పి, చెరువులన్నీ ఎంచుకుని తుడిచేసింది. ఊళ్ల పేర్లు, ఆసాముల పేర్లు, గట్ల పేర్లు ఒక్కొక్కటే మాయమయ్యాయి. ఆమె కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నా తుడుచుకోలేదు. "ఇక ఇది ఏ చెరువు పేరూ చెప్పలేదు. రండి."

జగపతి కదల్లేదు.

"ఇంకో కాపీ ఉందా?" అన్నాడు.

కాత్యాయని అతని మొహం వైపు చూసింది. ఉంది. బీరువాలో ఉంది. వెళ్లి తీసుకొచ్చి, యంత్రానికి తగిలించి, అతని కళ్ల ముందే అది కూడా తుడిచేసింది. అప్పుడు జగపతి జేబులోంచి చెయ్యి తీసి వేలు చాచాడు. వేలు వణకలేదు. కళ్లూ తిరగలేదు.

చుక్క పడింది. గీత తెర మీద నిటారుగా లేచింది. పక్కన చెరువు పేరు ఉండాల్సిన చోట ఖాళీ.

"చాలా బాగుందండీ. ఫిరోజ్ గారి దగ్గరికి వెళ్లండి, ప్లాస్మా తీసుకుంటారు."

ఆ మర్నాడు పొద్దున రత్నం కళ్లు తెరిచింది. మొగుణ్ణి చూసి చేతులు జోడించబోయింది, ట్యూబులు అడ్డం వచ్చాయి. గంగరాజు ఆ చేతులు కిందికి దించి, "ఎవరూ ఎవరికీ దణ్ణం పెట్టక్కర్లేదు, పడుకో" అన్నాడు. మంగాయమ్మ అల్లుడి భుజం మీద తలపెట్టి ఏడుస్తూనే ఉంది. ఫిరోజ్ అందరికీ టీలు తెప్పించాడు.

జగపతి నిన్న రక్తం తీసిన చోట అంటించిన దూది పీకేసుకుంటూ ల్యాబు గుమ్మంలోకి వచ్చాడు.

"ఏమన్నా అనుకుంటున్నావా నా గురించి?"

"ఏం లేదండీ" అంది కాత్యాయని, యంత్రం మీద గుడ్డ కప్పుతూ. "మీ చెల్లెల్ని బతికించారు. పదండి, టీ చల్లారిపోతుంది."

అతను తేలిగ్గా ఊపిరి పీల్చుకుని ముందు నడిచాడు. ఆమె వెనకే నడిచింది. అతను గంగరాజు పక్కన కూర్చోబోతూ, గంగరాజు తలెత్తి చూసేసరికి ఇంకో బెంచీకి మారాడు. ఆమె టీ గ్లాసు తీసి అతని చేతికిచ్చింది. ఆమెకు తెలియాల్సింది నిన్ననే తెలిసింది. రక్తం చెప్పలేదు, ఇంకో కాపీ ఉందా అని అడిగి ఆయనే చెప్పాడు.